అట్లతద్ది మర్నాడు

భీమునిపట్నం,
12 అక్టోబరు 2025, ఆదివారం

చెల్లెలు ఫ్లోరెన్స్‌కి,

అన్నయ్య బెన్సన్ రాస్తున్నాడు. దేవుని దయ వల్ల ఇక్కడ నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. మీ వదిన మోకాళ్ళు మాత్రం మబ్బు పడితే చాలు, ముందే చెప్పేస్తున్నాయి.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోను చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. పెట్టకపోయినా అమ్మ వంటింట్లో కూర్చుని హాల్లో మాటలన్నీ వింటుంది. ఆవిడకి కళ్ళు ఆనడం లేదు గానీ చెవులకి ఇంకా పాతికేళ్ళే. నాది చూస్తే బటన్ల ఫోను, అందులో తెలుగు రాదు. అందుకని కాగితం పట్టుకున్నాను. చదివాక చింపెయ్యి. అమ్మకి ఒక్క ముక్క చెప్పకు.

వచ్చే నెల రెండో తారీఖున సమాధుల పండుగ కదా, నాన్న సమాధి కడిగి సున్నం వేయిద్దామని మొన్న శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను. సమాధి మీద పసుపు, కుంకుమ, బంతిపూలు. విస్తరాకులో నాలుగు అట్లు, పక్కన బెల్లం ముక్క. మన చర్చి సమాధుల తోటలో! సిలువ మీద కూడా పసుపు చేత్తో రాసిన మరక ఉంది.

కాపలా ఉండే జగ్గారావుని పిలిచి గట్టిగా అడిగితే నీళ్ళు నమిలాడు. "ఈయేడు కొత్త కాదు బాబూ. నాను పన్లో సేరి మూడేళ్ళయింది, మూడేళ్ళూ ఎట్టినారు. మీకు సెప్తే బెంగెట్టుకుంటారని తీసి పారేసినాను" అన్నాడు. పోయినేడు అక్టోబరు ఇరవైన, అంతకు ముందేడు సరిగ్గా నవంబరు ఒకటిన పెట్టారట. ఈ ఏడు పదో తారీఖు.

నవంబరు ఒకటి అంటే సరే అనుకుందును. అరవై ఆరులో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరంతా రోడ్డెక్కినప్పుడు కాల్పులు జరిగింది ఆ రోజే. చెదిరిపోయిన జనం కాళ్ళ కింద పడి నాన్న పోయింది ఆ రోజే. ఆయనకి తూటా తగల్లేదు కాబట్టి ఏ జాబితాలోనూ పేరు లేదు. అయినా మీ కూర్మన్నపాలెంలో సభ పెట్టేవాళ్ళు ఏటా ఆయన ఫోటోకి కూడా ఒక దండ వేస్తున్నారు. మనిషిని తలుచుకునేవాడికి ఒక తేదీ ఉంటుంది ఫ్లోరీ. ఏడాదికో తేదీ మార్చుకుని, ఎవరూ లేనప్పుడు వచ్చి పసుపు చల్లేవాడిని ఏమంటారు? నా మటుకు ఇది చిల్లంగి పనే, చేతబడే. మన ఇంటి మీద ఎవరికో కన్నుంది. సంఘ పెద్దగా ఉండి నా తండ్రి సమాధినే కాపాడుకోలేకపోతే ఎలా? కమిటీలో కూడా చెప్పాను, పట్టుకుంటానని మాటిచ్చాను.

ఇంకో విషయం. సమాధులకి గ్రానైటు పలకలు వేయిస్తున్నారు. భార్యాభర్తల సమాధి అయితే తెరవడానికి వీలుగా వేస్తారు. ఒక్కరిదే అయితే సిమెంటుతో శాశ్వతంగా మూసేస్తారు. ఏదన్నది రెండో తారీఖు ఆరాధన అవగానే చెప్పాలి. అమ్మ కోరిక తెలుసు కదా, తెరిచే పలకే చెబుతాను.

మనకి పగవాళ్ళెవరో ఆలోచించి రాయి.

మీ అన్నయ్య,
బెన్సన్


ఉక్కునగరం,
16 అక్టోబరు 2025

అన్నయ్యకి ఫ్లోరెన్స్ వందనాలు.

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చిస్తుంటే మా క్వార్టర్ల వాళ్ళంతా ఏదో కోర్టు నోటీసు వచ్చిందనుకున్నారు. చింపెయ్యమన్నావు గానీ చింపలేదు, నీ దస్తూరీ చూసి ఎన్నేళ్ళయిందో. మా అబ్బాయి జోజికి ఈ వారం బి షిఫ్టు. వాడు వెళ్ళాక, అమ్మ కునుకు తీస్తుంటే రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు నర్సు పని చేసినదాన్ని, చిల్లంగి అంటే నాకు నవ్వొస్తుంది. చిల్లంగి పెట్టేవాడు బెల్లం ముక్క కూడా పెడతాడా? తాడు కనబడితే చాలు, నువ్వు పామనే అంటావు. చిన్నప్పటి నుంచీ అంతే.

పేర్లు చెప్పకుండా పక్క క్వార్టరు పుష్పని అడిగాను. వాళ్ళది విజయనగరం వైపు రైతు కుటుంబం, నోములూ వ్రతాలూ ఆవిడకి కొట్టినపిండి. వినగానే, "చిల్లంగీ లేదు గిల్లంగీ లేదు అక్కా, అవి అట్లతద్ది అట్లు" అంది. కేలెండర్ తెచ్చి చూపించింది. ఈ ఏడు తద్ది అక్టోబరు తొమ్మిది. పోయినేడు పందొమ్మిది. అంతకు ముందేడు అక్టోబరు ముప్పై ఒకటి. చూశావా, నీ తేదీలన్నీ తద్ది మర్నాడే. పున్నమి వెళ్ళిన మూడో రోజు కాబట్టి మన కేలెండర్‌లో ఒక చోట నిలబడదు. అంతే సంగతి.

అక్కడితో ఆగితే బాగుండేది. తద్ది ఎందుకు చేస్తారని అడిగాను. "పెళ్ళికాని గుంటలు మంచి మొగుడు రావాలని, పెళ్ళయినోలు మొగుడు సల్లగుండాలని. పగలంతా పస్తుండి, సెందురుణ్ణి సూసి, అట్లు వాయనమిస్తారు. అయితే ముత్తయిదువులకే ఇస్తారు. మొగోడి సమాధి మీద ఎట్టడం నానెప్పుడూ ఇన్నేదు" అంది పుష్ప. అని నా మొహంలోకి ఒక రకంగా చూసింది.

నవ్వులాటకే అడుగుతున్నాను, మనకి తెలియని ముచ్చట నాన్నకేమైనా ఉందంటావా? ఊరికే అన్నాను. మనసులో పెట్టుకోకు.

అమ్మ నిన్న మళ్ళీ అడిగింది. "నన్ను మీ నాన పక్కనే ఎడతారు కదే? పెద్దోడికి గురుతు సెయ్యి" అని. ఆవిడకి ఈ మధ్య అన్నం సయించడం లేదు. ఎనభై రెండేళ్ళ మనిషి, మిగిలింది ఆ ఒక్క కోరికే. పలక సంగతి మరిచిపోకు.

నీ చెల్లెలు,
ఫ్లోరెన్స్


భీమునిపట్నం,
20 అక్టోబరు 2025

ఫ్లోరీ,

నవ్వులాటకి అన్నావు. నాకు మూడు రాత్రులు నిద్ర లేదు. బయట దీపావళి మందులు కాలుస్తున్నారు, నా లోపల అంతకన్నా పెద్ద మోత.

నీ ఉత్తరం రాగానే జగ్గారావుని మళ్ళీ నిలదీశాను. ఈసారి అసలు మాట కక్కాడు. పెట్టేది ఆడమనిషి! డెబ్బై పైబడ్డ ముసలామె, తగరపువలస వైపు నుంచి ఆటోలో వస్తుందట. నుదుట ఇంత బొట్టు, చేతినిండా గాజులు. తల మీద కొంగు దించదట. అట్లు పెట్టి, సమాధి మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుని పోతుందట. "ఏదో మీ సుట్టాలనుకున్నాను బాబూ, ఏడిసింది కూడాను" అన్నాడు. మన చుట్టాల్లో బొట్టు పెట్టుకునేవాళ్ళెవరు? అమ్మ పుట్టింటివాళ్ళా, నాన్నని చేసుకుందని అమ్మని గడప తొక్కనివ్వనివాళ్ళు. వాళ్ళొచ్చి నాన్న సమాధి మీద ఏడుస్తారా?

ఆలోచించు. నాన్న పోర్టులో కళాసీ. వారంలో సగం రోజులు వన్ టౌనులో గదిలో పడుకునేవాడని నాయనమ్మ చెప్పేది. ఏ గది? ఎవరితో? కాల్పులనాడు ఆయన జనంలోకి ఎందుకెళ్ళాడో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఊరేగింపుకెళ్ళాడని మనం అనుకున్నాం, సభలో చెప్పారు, చప్పట్లు కొట్టారు. నిప్పు లేనిదే పొగ రాదు. మొగుడి కోసం చేసే నోము ఒక పరాయి ఆడది మన నాన్న కోసం చేస్తోందంటే ఇక అర్థం వేరే ఏముంది?

పసివాళ్ళం ఇద్దరినీ పెట్టుకుని, ఇరవై మూడేళ్ళకే తెల్లచీర కట్టి, ఇళ్ళలో బట్టలుతికి మనని పెంచింది అమ్మ. ఆ మనిషి పక్కన ఆమెని పెట్టను. ఏటేటా ఇంకొకత్తె వచ్చి ఆమె తల మీద పసుపు చల్లిపోతే నేను చూస్తూ ఊరుకోవాలా? కమిటీ సెక్రటరీకి చెప్పేశాను, ఆ సమాధికి మూసేసే పలకే వెయ్యమని. అమ్మకి తోటలోనే సముద్రం వైపు వేరే చోటు తీసుకుంటాను. మంచి గాలి వస్తుంది.

నవంబరు ఒకటిన నాన్న ఫోటో సభకి తీసుకెళ్ళొద్దు. దండ వేయించుకునే అర్హత ముందు తేలనీ.

బెన్సన్


ఉక్కునగరం,
24 అక్టోబరు 2025

అన్నయ్యా,

కోపంగా రాస్తున్నాను, వందనాలు లేవు.

నువ్వెవరు మూసేయడానికి? ఆ సమాధి నీ ఒక్కడిదా? ఒక ముసలామె గాజులు చూసి నాన్నకి రెండో పెళ్ళి చేసేశావు. జగ్గారావు ఇంకో మాట అంటే మూడోది కూడా చేస్తావు. ఆరు నెలల క్రితం మీ అత్తగారికి ఆ తోటలో చోటు లేదని వదిన బాధపడిందే, అమ్మ పేరు చెప్పి ఆవిడకి చోటు తీసుకోవడానికే ఇదంతా కడుతున్నావేమోనని నాకు అనుమానంగా ఉంది. తప్పయితే తప్పని రాయి. నువ్వు అందరినీ అనుమానించొచ్చు, నిన్ను ఎవరూ అనుమానించకూడదా?

అయినా నీకో సంగతి చెప్పక తప్పదు.

మొన్న అమ్మకి తల దువ్వుతూ, మాటల్లో పెట్టి అడిగాను. నాన్న నిన్ను బాగా చూసుకునేవాడా అని. "ఉన్నన్నాళ్ళు సూసుకున్నాడు" అంది. మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే గోడ దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి పుష్పని పిలిచింది. నేను వెనకే ఉన్నానని తెలియదు. "ఏమ్మా, ఈయేడు అట్లతద్ది ఎల్లిపోయిందేటి?" అని అడిగింది. వెళ్ళిపోయిందని పుష్ప చెబితే, "ఆ రోజు వాన గానీ కురిసిందేటి ఇటేపు?" అంది. కురవలేదంటే, "మరయితే ఎల్లే ఉంటాది" అని తనలో తను అనుకుని లోపలికొచ్చేసింది.

ఎల్లే ఉంటాది! ఎవరు? అన్నయ్యా, ఆవిడ సంగతి అమ్మకి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. తెలిసే మనకి చెప్పకుండా మింగేసింది. ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంటే నాకు ఏడుపు ఆగలేదు. "ఏటే, జొరమా?" అని నుదురు తడిమింది.

నాన్న మీద నాకూ మనసు విరుగుతోంది. కానీ అమ్మ అన్నీ తెలిసి కూడా ఆయన పక్కనే పెట్టమంటోంది కదా. అది ఆవిడ ఇష్టం. పలక మూయించకు.

ఫ్లోరెన్స్


భీమునిపట్నం,
30 అక్టోబరు 2025

ఫ్లోరీ,

మా అత్తగారి మాట ఎత్తావు, సరే. ఆవిడ గుండ్రాయిలా ఉంది, ఇంకో పదేళ్ళు ఎవరికీ చోటు అడగదు. ఉత్తరం వదినకి చూపించలేదు, చూపిస్తే ఇక నువ్వు మా గుమ్మం ఎక్కవు.

తుపాను వానలు రాకముందే ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. భీమిలి స్టాండులో అడిగితే ఆటో అబ్బాయి దొరికాడు. తగరపువలస దాటి లోపలికి ఒక పల్లె, పెంకుటిల్లు. ఆమె పేరు నారాయణమ్మ. అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూసి లేచింది. నేను పేరు చెప్పకముందే, "యోహాను కొడుకువి కదూ? రా బాబూ, కూకో" అంది. నా గురించి ఆమెకి తెలుసు! నా మొహం కూడా తెలుసు! నాకు ఒళ్ళు మండిపోయింది.

కూర్చోలేదు. "మా నాన్నకి నువ్వేటవుతావు?" అని అడిగాను. మళ్ళీ కూర్చోమని అరుగు చూపించింది. అప్పుడు నేను అన్న మాట రాయడానికి ఇబ్బందిగానే ఉంది, అయినా రాస్తున్నాను. "ఆయన సచ్చి అరవయ్యేళ్ళవుతన్నాది, ఇంకా సిగ్గు నేదా? మా అమ్మ బతికుండగానే ఆయన మీద పసుపు సల్లుతావా?" అన్నాను. కోపంలో నాకు మన భాషే వచ్చేసింది. చుట్టుపక్కల వాళ్ళు బయటికొచ్చారు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నావైపు చూసి, "ఈ నోరు మీ నానది కాదు. ఇది ఎవులి నోరో నాకు బాగా తెల్సు" అంది. తర్వాత, "నాను సెప్పకూడదు, ఒట్టేసినాను. మీ యమ్మనడుగు" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఇంక సాక్ష్యం ఏం కావాలి? కాదని ఒక్క మాట అనలేదు. అమ్మ చేత కూడా ఒట్టేయించుకుని నోరు మూయించినట్టున్నారు. నువ్వు చెప్పిన దానికీ దీనికీ సరిపోయింది.

అమ్మది మంచితనం కాబట్టి ఆయన పక్కన చోటు అడుగుతోంది. మంచితనానికి కూడా ఒక హద్దుండాలి. ఆదివారం ఆరాధన అవగానే ఆ పలక దగ్గర నిలబడి సిమెంటు పోయిస్తాను. మేస్త్రీకి చెప్పేశాను. ఫోను చెయ్యకు, ఎత్తను.

బెన్సన్


ఉక్కునగరం,
1 నవంబరు 2025, శనివారం సాయంత్రం

అన్నయ్యా,

పొద్దున్నుంచి పదిసార్లు ఫోను చేశాను. నువ్వు అన్నంత పనీ చేసేవాడివని మరిచిపోయాను. అందుకే ఈ ఉత్తరం జోజి చేతికిచ్చి బండి మీద పంపుతున్నాను. వాడిని కూర్చోబెట్టి మొత్తం చదువు. చదివాక మేస్త్రీ దగ్గరికి వెళ్ళు.

ఈ పొద్దున్న అమ్మ స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, "ఫొటో తుడిసినావా?" అంది. నేను ఈ ఏడు ఫోటో వద్దులే అమ్మా అన్నాను. ఎందుకంది. అద్దం పగిలిందన్నాను. చేత్తో తడిమి, "పగల్నేదే" అంది. ఇక నాకు అబద్ధం దొరకలేదు.

అప్పుడంది కదా, "నెల్లాళ్ళయి మీ ఇద్దరూ కాయితాలు రాసుకుంటన్నారు. నువ్వు రాస్తంటే కలం గీరిన సప్పుడు నాకు ఇనపడదనుకున్నావేటే? ఏటయింది సెప్పు."

చెప్పేశాను అన్నయ్యా. పసుపు, అట్లు, గాజులు, నువ్వు వెళ్ళి అన్న మాటలు, పలక, అన్నీ. వింటూ వింటూ అమ్మ ఏం చేసిందో తెలుసా? నవ్వింది. "ఓలమ్మో, మీ నానకి ఇంకో ఆడదా? ఉన్న ఒక్కదానితోటే మాటాడ్డం సేతయ్యేది కాదు ఆ మనిసికి!" అని పడిపడి నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో నాకు తెలియలేదు. తర్వాత చెప్పింది. మధ్యలో నేనేమీ కలపడం లేదు, ఆవిడ మాటలే రాస్తున్నాను.

"ఆ నారాయణమ్మ నా సెల్లెలే. తోడబుట్టింది. మీకు పిన్ని. మా అయ్య నన్ను గెంటీసినా అది నన్ను ఒదల్నేదు. నా పేరు వరహాలు కదా, మీ నానని సేసుకున్నాక రోజలిన్‌ని అయినాను. ప్రార్తన సేసినాను, పాటలు నేర్సుకున్నాను, అదేటీ అబద్దం కాదు. అయితే తద్ది వొచ్చిందంటే నాకు మనసు నిలిసేది కాదు. మా ఊర్లో గుంటలందరం ఉయ్యాలూగీవోళ్ళం.

"ఆయేడు మీ నాయనమ్మ ఊరెల్లింది. మా సెల్లి అయ్యకి తెలకుండా పిండి రుబ్బి గిన్నిలో ఎట్టుకుని భీమిలి వొచ్చీసింది. నాను పగలంతా పస్తున్నాను. సీకటడ్డాక సెందురుణ్ణి సూసి అట్లు పోసినాను. మీ నాన పోర్టు నుంచొచ్చి సూసీసినాడు. కోప్పడతాడనుకున్నాను. పీటేసుకుని కూకుని రెండు తిన్నాడు. బాగున్నాయి, రేపటికి నాలుగు కట్టియ్యి అన్నాడు. అంతే అన్నాడు.

"కట్టిచ్చినాను. మర్నాడు ఎల్నాడు. ఊరేగింపుకే ఎల్నాడో, ఉప్పు కొన్నానికే ఎల్నాడో నాకిప్పటికీ తెల్దు. సీకటడ్డాక రిక్సాలో తెచ్చినారు. తువ్వాల్లో మూట అలగే ఉంది. ఇప్పి సూసినాను. నాలుగూ ఉన్నాయి. మద్దినేలప్పుడు తిన్నానికి కూడా ఆ మనిసికి తీరిక దొరకనేదు. ఆకలితోటే ఎల్లిపోనాడు.

"మీ నాయనమ్మకి తెలిసుంటే, నువ్వు నోము నోసినావు కాబట్టే నా కొడుకు పోనాడు అనును. సంగంలోంచి ఎలేద్దురు. మీ ఇద్దర్నీ ఎత్తుకుని ఎక్కడికి పోను? సెల్లి సేత ఒట్టేయించుకున్నాను. ఏడాది తిరిగేసరికి అదే నాలుగట్లు పోసి అట్టుకెళ్ళి ఆయన కాడ ఎట్టొచ్చింది. పసుపూ కుంకం దాని అలవాటు, నాను సెప్పనేదు. దానికి నవంబరూ తెల్దు, ఒకటో తారీకూ తెల్దు. తద్ది మర్నాడంటే తద్ది మర్నాడే. నాకూ అంతే. మీతోటి సభకొస్తన్నాను, దండేస్తన్నాను గానీ, నాకు ఆయన పోయిన రోజు అది కాదు."

అన్నయ్యా, నేను ఆ నోము చూసి నాన్నకి ఇంకో ఆడదాన్ని వెతికాను. నోము నోచింది ఆయన భార్యే. నువ్వు వీధిలో నిలబెట్టి మాటలన్నది మన పిన్నినే. ఆ నోరు ఎవరిదో తెలుసని ఆమె అంది కదా, అమ్మని గెంటేసిన మన తాతదట. ఆ మాట చెబితే అమ్మ, "నిజమే. పెద్దోడిది మా అయ్య నోరే" అంది.

నీ అత్తగారి విషయం నేను రాసింది తప్పు. అది అక్కడితో వదిలెయ్యి.

ఒక మాట గట్టిగా చెప్పమంది. ఇది సంఘంలో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే తనని ఆ తోటలో అడుగు పెట్టనివ్వరని అమ్మ భయం. నిజమో కాదో నాకు తెలియదు, సంఘ పెద్దవి నీకే తెలియాలి. ఆ భయంతోనే ఇన్నేళ్ళూ నోరు మూసుకుంది.

చివరికి అన్న మాట నీకు రాయకుండా ఉందామనుకున్నాను. రాస్తున్నాను. "సచ్చిపోయినోడి మీద ఇన్ని అనుమానాలు అడ్డారు. బతికున్న నా మీద ఒక్కటైనా రానేదేటే మీకు? అరవయ్యేళ్ళయి మీతోనే ఉన్నాను. నీకేటి ఇష్టం, నీకేటి కావాలని ఒకుడూ అడగనేదు."

ఫోటో తీసుకుని సభకి వెళ్ళొచ్చాం. అమ్మే దండ వేసింది.

వెళ్ళు. ఆ పలక ఆపు.

ఫ్లోరీ


భీమునిపట్నం,
5 నవంబరు 2025

చెల్లెలికి,

జోజి చెప్పే ఉంటాడు, పలక ఆగింది. వాడికి చెప్పనివి రాస్తున్నాను. ఇది మాత్రం చింపేసెయ్యి.

నీ ఉత్తరం చదివాక ఆ రాత్రి నేను ప్రార్థన కూడా చెయ్యలేకపోయాను. మోకరించాను గానీ ఏ మాట వచ్చినా అది ఆ నారాయణమ్మ వాకిట్లో అరిచిన గొంతులాగే వినబడింది. అప్పటికి నాలుగేళ్ళ వాడిని నేను. ఆ రోజు అట్ల వాసన ఇంట్లో వచ్చే ఉంటుంది. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

ఆదివారం ఆరాధన అయింది. అందరూ కొవ్వొత్తులు పట్టుకుని తోటలోకి వచ్చారు. నేను మేస్త్రీని పక్కకి పిలిచి, మా నాన్నకి తెరిచే పలక వెయ్యమన్నాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను. కమిటీ సెక్రటరీ అందరి ముందూ అడిగాడు, "బెన్సన్‌గారూ, మీ నాన్నగారి సమాధి మీద పసుపు జల్లినోలని పట్టుకుంటామన్నారు, ఏటయింది?" అని. నేనే కదా నెలంతా ఊదరగొట్టాను. పాస్టరుగారు కూడా చూస్తున్నారు. మీ వదిన నా చొక్కా లాగుతోంది.

తెలియలేదంటే మళ్ళీ కాపలా పెడతారు. వచ్చే ఏడు పిన్ని దొరికిపోతుంది. ఆమె వెనక అమ్మ దొరుకుతుంది. పలక ఏ రకందయినా అప్పుడు లాభం లేదు.

"నేనే పెట్టించాను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. మా నాన్నకి అట్లంటే ఇష్టం, మనిషికి డబ్బిచ్చి నేనే ఏటా పెట్టిస్తున్నాను, పట్టుబడతానని భయమేసి చిల్లంగని బొంకాను అన్నాను. ఒక అబద్ధానికి నాలుగు అబద్ధాలు చెప్పాల్సి వచ్చింది, సమాధుల పండుగనాడు, సిలువ ముందు నిలబడి. జగ్గారావుకి అంతా తెలుసు. వాడు నోరు తెరవలేదు.

ఆ సాయంత్రమే పెద్దలంతా కూర్చున్నారు. సంఘ పెద్దగా నన్ను తీసేశారు. ఏడాది పాటు బల్ల ఆరాధనలో రొట్టెకీ ద్రాక్షరసానికీ చెయ్యి చాపకూడదన్నారు. ఇరవై ఏళ్ళు ముందు వరసలో కూర్చున్నవాడిని, ఇక వెనక బెంచీ. అవమానంగా లేదని అబద్ధం చెప్పను. ఇంటికొచ్చి మీ వదిన కుసుమకుమారికి మాత్రం అంతా చెప్పాను, ఆమె నోరు జారదు. విని, "మరి ఒచ్చేయేడు అట్లెవులు పోస్తారు? పిన్నిగారి మోకాళ్ళు కూడా నా మోకాళ్ళలాంటివే కదా" అంది.

నిన్న పిన్ని దగ్గరికి వెళ్ళాను. తలుపు తీసింది. క్షమించమని అడిగాను, వీధిలో వాళ్ళు కూడా వినేలాగే అడిగాను. పొమ్మనలేదు. గంటసేపు అరుగు మీద కూర్చుని వచ్చేశాను. మళ్ళీ వెళతాను.

పలక పని రేపటికి అయిపోతుంది. ఎడమ సగం మీద నాన్న పేరు చెక్కారు. కుడి సగం ఖాళీగా ఉంచమన్నాను. తర్వాత ఏ పేరు చెక్కాలో ఇప్పుడే రాసుకుంటానని మేస్త్రీ అడిగాడు. రోజలిన్ అని నోటిదాకా వచ్చింది, చెప్పకుండా ఆపాను. అమ్మని అడుగు ఫ్లోరీ. నువ్వు చెప్పకు, నీకు తోచింది రాయకు, ఆవిడ నోటితో చెప్పింది రాయి. వరహాలు అన్నా సరే, రెండూ కావాలన్నా సరే. కమిటీ ఒప్పుకోదేమోనని అమ్మ దిగులు పడితే చెప్పు, పెద్దోడి దగ్గర పోగొట్టుకోవడానికి ఇప్పుడు పెద్దరికం కూడా లేదని.

మీ అన్నయ్య,
బెన్సన్